ఎండుకొమ్మలూ, మట్టికి మన బాకీ

డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో తెల్లవారకముందే పొగ లేస్తుంది. మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని బండి తీసే వేళకు, నాలుగైదు ఇళ్ళకొకచోట ఊడ్చి పోగేసిన వేపాకు, నిద్రగన్నేరు పుల్లలు, ముందురోజు నరికిన మునగకొమ్మలు కలిసి రాజుకుంటూ ఉంటాయి. నలుగురు చుట్టూ చేరి చేతులు కాచుకుంటారు. ఎనిమిదింటికల్లా అక్కడ మిగిలేది దోసెడు బూడిద, నేల మీద గుండ్రంగా ఒక నల్లమచ్చ. ఆ మచ్చలో మళ్ళీ వానాకాలం దాకా గడ్డిపోచ కూడా మొలవదు.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాడికి పొగ కొత్త కాదు. బొగ్గుపొయ్యిల కాలంలో సాయంత్రం ఆరు దాటితే వీధి చివర మనిషి ఆనేవాడు కాదు. ఇంటింటికీ గ్యాసు వచ్చాక ఆ పొగ పోయింది. ఈ ఆకుల పొగ మాత్రం మిగిలింది. అందరూ చేస్తున్నదే కాబట్టి ఎవరికీ తప్పుగా తోచదు. నాకూ చాలాకాలం తోచలేదు. ఇప్పుడు మాత్రం నా అభిప్రాయం ఇది: ఎండుకొమ్మను, రాలిన ఆకును తగలబెట్టడమంటే నేలకు చెందవలసిన కూడును నేల నోటి దగ్గర నుంచి లాక్కోవడమే. ఏ నేలలోనైనా అది తప్పే. పైమట్టిని ఇంతగా పోగొట్టుకొన్న మన బొగ్గు ప్రాంతంలో అది రెట్టింపు తప్పు.

ఈ అభిప్రాయం వల్ల నాకు వీధిలో కొంచెం చెడ్డపేరు వచ్చింది. రెండేళ్ళ క్రితం, మే నెలలో, ఈదురుగాలికి మా క్వార్టరు ముందున్న వేపచెట్టు కొమ్మ ఒకటి విరిగి ప్రహరీ మీద పడింది. అప్పటికి ఏడాదిగా ఎండి వేలాడుతున్న కొమ్మే. రోజూ చూస్తూనే, రేపు చూద్దాంలే అనుకున్న కొమ్మే. సాయంత్రాలు ఆ చెట్టు కిందే పిల్లలు ఆడుకుంటారు. ఆ పూట గాలికి జడిసి లోపలికి పరుగెత్తారు కాబట్టి సరిపోయింది. మర్నాడు ఆ కొమ్మను చిన్న ముక్కలుగా కొట్టి, పెరట్లో వంగ, బెండ, కరివేప పాదుల చుట్టూ పరిచాను. పక్కింటి తమ్ముడు గోడమీదుగా చూసి, "ఏందన్నా, కట్టెల అడితి పెడుతున్నవా?" అని నవ్వాడు. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు. "పాములొస్తయి బిడ్డా, చెదలొస్తయి. పోరగాండ్లు తిరిగే జాగ" అంది.

ఆమె చెప్పిన రెండు భయాలూ న్యాయమైనవే. వాటికి జవాబు చెప్పకుండా నీతులు చెప్పటం సరికాదు. ఆ సంగతికి తప్పక వస్తాను. దానికంటే ముందు, ఈ పని ఎందుకు చెయ్యాలో చెప్పాలి కదా!

నేల మీద ఎండుటాకు, పుల్ల, గడ్డి పరచి మట్టిని కప్పి ఉంచడాన్ని వ్యవసాయశాఖ వారు మల్చింగ్ అంటారు. ప్రకృతి వ్యవసాయం చేసేవారు ఆచ్ఛాదన అంటారు. సుభాష్ పాలేకర్ పద్ధతి ప్రచారంలోకి వచ్చాక ఈ సంస్కృతపదం పల్లెల్లో కూడా వినబడుతోంది. అంతకు చాలా ముందే జపానులో మసనోబు ఫుకువోకా ఇదే మాట చెప్పాడు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం తెలుగులో 'గడ్డి పరకతో విప్లవం' అన్న పేరుతో వచ్చింది. మన పూర్వులకు ఆ పేర్లేవీ తెలియవు. కానీ వరిమడి దమ్ము చేసేటప్పుడు కానుగ మండలు, జిల్లేడు మండలు మోపులుగా తెచ్చి మడిలో తొక్కడం వారికి తెలుసు. చెట్టు పైకి లాగినదాన్ని తిరిగి మట్టికే ఇవ్వాలన్న లెక్క అందులో ఉంది. తేడా ఒకటే. పచ్చిరొట్టను మట్టిలో కలిపి తొక్కుతారు. ఎండుపుల్లను మట్టి పైన పరిచి వదిలెయ్యాలి.

ఈ తేడా ముఖ్యమైనది. కొయ్యలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. ఒక పాలు నత్రజనికి కొన్ని వందల పాళ్ళ కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఇరవై అయిదు, ముప్పై పాళ్ళకు ఒకటి చొప్పున నత్రజని కావాలి. అందుచేత పుల్లలను మట్టిలో కలిపి దున్నితే, అవి తమకు చాలని నత్రజనిని మట్టిలోంచి తీసుకుంటాయి. మొక్క పసుపుబారుతుంది. "పుల్లలు వేస్తే మొక్క చచ్చింది" అని చెప్పేవారిలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. పైన పరిచినప్పుడు ఆ పోటీ, పుల్ల మట్టిని తాకే పలుచని పొరకే పరిమితమవుతుంది. వేళ్ళు అంతకంటే లోతున హాయిగా ఉంటాయి.

పరిచినందువల్ల ఏమిటి లాభం? మా ప్రాంతపు ఎండ సంగతి తెలియనివారికి చెబుతాను. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం విశేషవార్త కాదు. ఏటా కురిసే సుమారు 1000 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. ఎనిమిది నెలలు నేల ఎండుతుంది, నాలుగు నెలలు కోసుకుపోతుంది. బట్టలేని నేలకు ఈ రెండూ శిక్షలే. పైన మూడంగుళాల పుల్లలూ ఆకులూ ఉంటే ఎండ నేరుగా మట్టిని తాకదు, తడి త్వరగా ఆరదు. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు కాబట్టి మట్టి గట్టిపడి పెచ్చు కట్టదు, నీరు నెమ్మదిగా ఇంకుతుంది. మా పెరట్లో వేసవిలో రోజూ నీళ్ళడిగే వంగమొక్కలు ఇప్పుడు మూడోరోజు దాకా ఆగుతున్నాయి. నల్లా నీటి కోసం ఎదురుచూసే ఊళ్ళో ఇది చిన్న లాభం కాదు.

వాన పడ్డ పది రోజులకు ఒక ముక్క ఎత్తి చూడండి. అడుగున తెల్లటి దారాలు అల్లుకొని ఉంటాయి. అవి బూజు జాతివి. కొయ్యకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టగలిగే జీవులు ఈ భూమ్మీద చాలా తక్కువ. వాటిలో ఈ బూజులే మొదటివి. వాటి వెనుక రోకలిబండలు, పేడపురుగులు, ఆ వెనుక వానపాములు వస్తాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి మా వేపకొమ్మలో సన్నపుల్లలన్నీ మట్టిరంగుకు వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే పొడుమవుతాయి. మొదట అక్కడున్న మట్టి ఇటుకముక్కలు, కంకర కలిసిన మొరం. ఇప్పుడు అందులోకి వేలు దిగుతుంది.

ఇదే కొమ్మను కాలిస్తే? ఎండుకొయ్య బరువులో సగానికి దగ్గరగా కర్బనమే. అది ఒక గంటలో గాలిలో కలుస్తుంది. ఉన్న కాస్త నత్రజనీ గాలిపాలే. మిగిలే బూడిదలో కొంత పొటాషు, కొంత సున్నం ఉంటాయి. దానికి విలువ లేదనను, బీరపాదుకు బూడిద చల్లడం మన ఆచారమే. అయితే బూడిద వానపాముకు కూడు కాదు, తడిని పట్టి ఉంచలేదు. అన్నం పారేసి ఉప్పు దాచుకున్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేల మీద పరిచిన పుల్లలోని కర్బనం కూడా చాలావరకు నాలుగైదేళ్ళలో గాలిలోకే పోతుంది. దీనివల్ల లోకం వేడి తగ్గిపోతుందని నేను చెప్పడం లేదు. కానీ ఆ నాలుగైదేళ్ళూ అది వేల జీవులను పోషిస్తుంది, చివరకు కొంతభాగం హ్యూమస్‌గా మట్టిలో నిలుస్తుంది. పొగ పీల్చే బాధ ఎవరికీ ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గనిలో దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు అలిసిపోయినవాళ్ళు ఏ వీధిలో లేరు మనకు?

మన ఊరి బతుకంతా కొమ్మల మీదే ఆధారపడి ఉన్నదంటే మీకు నవ్వు రావచ్చు. కానీ ఉన్న మాటే. గోదావరి లోయలోని బొగ్గు గోండ్వానా కాలానిది. పాతిక, ముప్పై కోట్ల ఏళ్ళ క్రితం పెర్మియన్ యుగంలో ఇక్కడ బురదనేలల్లో గ్లోసోప్టెరిస్ జాతి చెట్లు పెరిగాయి. ఆకులు, కొమ్మలు, మానులు నీటిలో పడ్డాయి. గాలి తగలక పూర్తిగా కుళ్ళలేదు, కాలలేదు. మీద ఇసుకా బురదా పేరుకుని, బరువుకూ వేడికీ బొగ్గయ్యాయి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. మా తాతలు, తండ్రులు, మేము, అందరం ఆ రాలిన కొమ్మల మీదే అన్నం తిన్నాం. రాలిన కొమ్మ వ్యర్థమని చెప్పే హక్కు ఈ దేశంలో ఎవరికైనా ఉంటే ఉండవచ్చు గాని, బొగ్గుగని ఊరివాడికి మాత్రం లేదు.

బొగ్గు తియ్యడమే తప్పని నేననడం లేదు. దాని మీద బతికినవాడిని, అనలేను. నేను మాట్లాడుతున్నది బొగ్గు మీద ఉన్న మట్టి గురించి. భూగర్భ గనుల కాలంలో పైన చెట్లుండేవి, కింద మనుషులు తవ్వేవారు. ఖాళీ చేసిన చోట గోదావరి ఇసుక నింపేవారు. ఓపెన్‌కాస్టు వచ్చాక పద్ధతి మారింది. పైనున్నదంతా తీసి పక్కన పోస్తే గాని బొగ్గు కనపడదు. సింగరేణి 2023–24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. టన్ను బొగ్గుకు సగటున అయిదారు ఘనపుమీటర్ల మట్టీ రాయీ తియ్యాలి. మీరే లెక్క వేసుకోండి. మంథని వైపు వెళ్ళే దారిలోనూ, మేడిపల్లి వైపునా కనిపించే ఆ గుట్టలు దేవుడు చేసినవి కావు. బొందలగడ్డ అని జనం పెట్టిన పేరు ఊరికే రాలేదు.

ఆ గుట్టల మట్టి మనం ఎరిగిన మట్టి కాదు. ఎప్పుడో అడుగున ఉన్న ఇసుకరాయి, పలకరాయి పిండి అయి పైకొచ్చినది. అందులో కుళ్ళిన ఆకు లేదు, వానపాము లేదు, నత్రజని దాదాపు లేదు. అందుకే పైమట్టిని విడిగా తీసి దాచి, తరువాత గుట్టల మీద పరచాలన్న షరతు ఓపెన్‌కాస్టు గనుల పర్యావరణ అనుమతులలో సాధారణంగా ఉంటుంది. మంచి షరతే. అయితే దాచిన మట్టి ధాన్యం వంటిది కాదు. ఎత్తుగా పోసి ఏళ్ళ తరబడి ఉంచితే లోపల గాలాడక దాని ప్రాణం క్షీణిస్తుంది. మళ్ళీ ప్రాణం రావాలంటే ఎండుటాకులు, పుల్లలు, పేడ, ఇలాంటివే పడాలి. ఒక పక్క ఆ గుట్టల మీద మొక్కలు నాటుతున్నాం. ఇంకో పక్క ఆ మొక్కలకు దుప్పటి కావలసిన కొమ్మలను వీధుల్లో కాలుస్తున్నాం. హరితహారం 2015లో మొదలైన నాటి నుంచీ ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క ప్రతి వానాకాలం వింటున్నాం. ఎంత మట్టిని బతికించామన్న లెక్క మాత్రం ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు.

మట్టి సారమంటే బస్తాలో వచ్చేదేనన్న నమ్మకం మన ఊరికి కొంచెం ఎక్కువగానే ఉండటానికి కారణముంది. 1980లో ఇక్కడి ఎరువుల కర్మాగారం బొగ్గు నుంచే యూరియా తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1999లో మూతపడింది. 2021లో కొత్త కర్మాగారం సహజవాయువుతో ఉత్పత్తి ప్రారంభించింది. యూరియా అవసరం లేదనేంత అమాయకుణ్ణి కాను. కానీ యూరియా మొక్కకు అన్నం పెడుతుందే తప్ప మట్టికి ఒళ్ళు ఇవ్వదు. సారం పట్టి ఉంచే ఒళ్ళు లేని మట్టిలో వేసిన యూరియా సగం గాలికీ, నీటికీ పోతుంది. పుల్లలను కుప్ప వేసి త్వరగా కుళ్ళబెట్టాలనుకునేవారు పేడనీళ్ళతో పాటు గుప్పెడు యూరియా చల్లితే మంచిదే. ఇద్దరికీ తగవు లేదు.

ఇక ఎలా చెయ్యాలన్నది. నేను నిపుణుణ్ణి కాను. రెండేళ్ళుగా చేసి, పొరపాట్లు చేసి నేర్చుకున్నది చెబుతున్నాను.

ఎండుకొమ్మ చెట్టు మీద ఉన్నంతకాలం ప్రమాదమే. ఈదురుగాలులు మొదలవకముందే, అంటే మార్చిలోనే తియ్యాలి. ముందు కొమ్మ అడుగు వైపు నుంచి మూడోవంతు మందం దాకా కొయ్యాలి. తరువాత దానికి జానెడు ఇవతల, కొమ్మ కొస వైపున, పైనుంచి కొయ్యాలి. అప్పుడు కొమ్మ విరిగేటప్పుడు మానుకున్న బెరడును చీల్చుకుపోదు. మిగిలిన మోటును చివర్లో తీసెయ్యాలి. కొమ్మ మానుతో కలిసేచోట ఉబ్బెత్తుగా మెడ ఉంటుంది. దాన్ని కొయ్యకూడదు, గాయాన్ని మాన్పుకునేది చెట్టు ఆ మెడతోనే. తల ఎత్తు దాటితే పని తెలిసినవారిని పిలవండి. కరెంటు తీగల పక్కనైతే సరఫరా ఆపించకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

కింద పడ్డవాటిని మూడు రకాలు చెయ్యండి. బొటనవేలి కంటే సన్నవి కత్తితో బెత్తెడు, జానెడు ముక్కలు చేసి పాదుల చుట్టూ పరచడానికి. మణికట్టు లావువి మడుల చుట్టూ గట్టుగా పేర్చడానికి. మట్టి జారకుండా ఆపుతాయి, నాలుగైదేళ్ళలో అవే మట్టవుతాయి. అంతకంటే లావువి కట్టెలుగా వాడుకునేవారికి ఇచ్చెయ్యండి. కాముని పున్నమికి పిల్లలు వస్తే వాళ్ళకూ నాలుగివ్వండి. ఏడాదికొక పండుగమంటకు నేను విరోధిని కాను, రోజువారీ మంటకే విరోధిని. తుమ్మముళ్ళు పరచవద్దు, ఆ తరువాత అందులో చెయ్యి పెట్టవలసింది మీరే. గింజలున్న సుబాబుల్ కొమ్మలు అసలే వద్దు. నేను పరిచాను. ఆ వానాకాలమంతా సుబాబుల్ మొలకలు పీకడంతోనే సరిపోయింది. నీలగిరి ఆకును నాలుగు నెలలు వానలో నాననిచ్చి వాడుకోండి.

పరిచేటప్పుడు మందం రెండు నుంచి నాలుగు అంగుళాలు చాలు. ఎక్కువ వేస్తే మంచిదన్న ఆశతో మోకాలెత్తు పోస్తే చిన్న వాన నీరు మట్టిదాకా చేరదు. మొక్క కాండానికి ఆనించవద్దు, నాలుగు వేళ్ళ ఎడం వదలండి. లేకపోతే తడి నిలిచి కాండం కుళ్ళుతుంది. పచ్చిముక్కలను పెద్ద కుప్పగా వదిలితే లోపల వేడెక్కుతుంది. ఈ సంగతి బొగ్గు ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. పోసిన బొగ్గు తనంత తానే రాజుకోవడం మనమెరుగుదుం. కారణం వేరైనా కుప్ప స్వభావం అదే. పరిచినది వేడెక్కదు.

ఇప్పుడు పక్కింటి పెద్దమ్మ భయాలు. పాము దాక్కునేది కొమ్మలను కొమ్మలుగానే పోగేసిన కుప్పలో. ఎందుకంటే అందులో బొరియలుంటాయి, ఎలుకలుంటాయి. ముక్కలు కొట్టి మూడంగుళాల మందాన పరిచినదాంట్లో పాముకు చోటు లేదు. అయినా తేలు, జెర్రి ఉండవచ్చు. చెప్పుల్లేకుండా తొక్కవద్దు, చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. పిల్లలు ఆడే చోట పరచవద్దు. చెదల సంగతి ఇంకొంచెం చిక్కు. చెదలు వస్తాయి. రావని చెబితే అబద్ధమవుతుంది. మనలాంటి ఎండనేలల్లో ఎండుకొయ్యను మట్టిగా మార్చే ప్రధాన కూలీలు అవే. సాధారణంగా వాటికి కావలసింది చచ్చిన కొయ్యే, ఏపుగా ఉన్న మొక్క కాదు. కానీ మన ద్వారబంధమూ వాటికి చచ్చిన కొయ్యే కదా! అందుచేత ఇంటిగోడకు మూడడుగుల లోపల పుల్ల పరచకండి. ఈ కట్టుబాటు పెట్టుకున్నాక పెద్దమ్మకూ నాకూ సంధి కుదిరింది.

ఒక్కచోట మాత్రం నిప్పును నేనే సమర్థిస్తాను. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మఎండు తెగులు. ఆ తెగులు సోకిన రెమ్మలలో శిలీంధ్రబీజాలు బతికే ఉంటాయి. వాటిని తెచ్చి మళ్ళీ వేపచెట్టు కిందే పరచడం, జబ్బుపడినవాడి దుప్పటి ఇంకొకడికి కప్పడం వంటిది. అలాంటివాటిని కత్తిరించి దూరంగా తీసుకెళ్ళి కాల్చెయ్యడమే మేలు. నియమమేదైనా మినహాయింపును చెప్పకపోతే అది మూఢభక్తి అవుతుంది.

చట్టం ఏమంటుందని అడిగేవారూ ఉన్నారు. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వ్యర్థాలను బయట కాల్చరాదన్నాయి. తోటవ్యర్థాన్ని విడిగా, తమ ఆవరణలోనే ఉంచాలన్నాయి. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునలు బహిరంగంగా వ్యర్థాలు కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా వెయ్యాలని ఆదేశించింది. ఆ జరిమానా కట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. పొద్దున్నే చీపురు పట్టి వీధి ఊడ్చే మనిషికి, ఊడ్చినదాన్ని ఎక్కడ వెయ్యాలో చెప్పకుండా "కాల్చకు" అంటే ఆమె ఏం చేస్తుంది? కాలనీకొక మూల చోటు చూపాలి. మే నెలలో కరెంటు తీగల కోసం నరికే కొమ్మలన్నీ అక్కడికి చేరాలి. కొమ్మలను ముక్కలు చేసే యంత్రం నాలుగు కాలనీలకు ఒకటున్నా చాలు. ఆ ముక్కలు పార్కుకూ, బడితోటకూ, గుట్టల మీది మొక్కలకూ వెళ్ళాలి. ఇందులో కోట్ల పని ఏదీ లేదు. బాకీ ఉన్నామన్న ఎరుక కావాలి, అంతే.

మా బాపు గనిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఇనుము కంటే కట్టెనే ఎక్కువ నమ్మేవాడు. ఇనుము చెప్పకుండా వంగుతుందట. కట్టె మాత్రం విరిగే ముందు కిర్రుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని బయటికి పరుగెత్తి బతికినవాళ్ళున్నారు. తరువాత రూఫ్ బోల్టులు వచ్చి ఆ పని చాలావరకు పోయింది. నరికిన చెట్టు కూడా మనుషుల నెత్తిన కప్పును మోసిందని ఆయన అనేవాడు. నాకది చిన్నప్పుడు అర్థం కాలేదు.

చివరగా, నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టిన ప్రశ్న. ఒక పాత మిత్రుడు అడిగాడు: "ఇంకో రెండేండ్లల్ల రిటైరైతవు. క్వార్టరు ఖాళీ చెయ్యాలె. ఎవని మట్టికిరా ఈ చాకిరీ?"

నిజమే. ఇక్కడ మనలో చాలామందికి ఇల్లు ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. పెరడూ అంతే. అందుకే మనం మొక్క నాటితే ఏడాదిలో కాసే బొప్పాయి నాటుతాం, మామిడి నాటం. మట్టి గురించి అసలే ఆలోచించం. కానీ ఆ ప్రశ్నను కొంచెం పొడిగించి చూడండి. గనికీ కాలపరిమితి ఉంది. బొగ్గు అయిపోతే గనీ వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయేవాడికి మట్టితో ఏం పని అని ప్రతివాడూ అనుకుంటే చివరికి మిగిలేది గుంట, గుట్ట. పెద్దవాళ్ళు ఆ మాట అనుకున్నారని కోపగించుకుంటాం. పెరట్లో మనమూ అదే మాట అనుకుంటున్నాం.

క్వార్టరు అప్పగించేటప్పుడు ఒక జాబితా చూస్తారు. ఫ్యాన్లెన్ని, బల్బులెన్ని, నల్లాలు సరిగా ఉన్నాయా, తలుపు గడియలున్నాయా అని. ఆ జాబితాలో మట్టి ఉండదు. నేను ఈ ఇంట్లోకి వచ్చిననాడు పెరట్లో గడ్డపార దిగలేదు. వెళ్ళేనాటికి వేలు దిగే మట్టి ఒక నాలుగు గజాలు ఉంటుంది. తరువాత వచ్చేవారెవరో నాకు తెలియదు. వాళ్ళు అందులో కొత్తిమీర చల్లుకుంటే చాలు.

నిన్న పొద్దున పక్కింటి తమ్ముడు చీపురు పట్టుకొని వీధిలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా నిద్రగన్నేరు ఆకు కుప్ప, జేబులో అగ్గిపెట్టె. నన్ను చూసి, "అన్నా, ఇది నీకు కావాల్నా?" అన్నాడు. తట్ట తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి సగం కుప్ప వాళ్ళ మునగచెట్టు మొదట్లో ఉంది. కాండానికి ఆనించి వేశాడు. నాలుగు వేళ్ళు ఎడం చెయ్యమని చెప్పి, మిగతా సగం నేను తెచ్చుకున్నాను.